ఏ ఆట ఎక్కడుంది చాచా?

నాగర్‌కర్నూల్ బస్టాండు ఎదురు సందులో ఉన్న షరీఫ్ దుకాణంలో రెండు గదులు. ముందు గదిలో జిరాక్స్ యంత్రం, స్కానరు, పాస్‌పోర్టు ఫోటోలు తీయడానికి గోడకు కట్టిన నీలం గుడ్డ. వెనక గదిలో వీడియో గేములు. ముందు గది పని చూసుకోవడానికి శ్రీవాణిని పెట్టుకుని అప్పటికి ఏడాదయింది. వెనక గదిని మాత్రం షరీఫ్ ఎవరికీ అప్పగించలేదు.

శ్రీవాణికి ఇరవై రెండేళ్లు. ఉప్పునుంతల దగ్గర మెట్ట సేద్యం చేసే జంగయ్య కూతురు. డిగ్రీలో కంప్యూటర్లు చదివింది. రోజూ పొద్దున రెండు బస్సులు మారి వచ్చి, సాయంత్రం ఐదున్నర బస్సుకు వెళ్లిపోయేది.

షరీఫ్‌కు యాభై దాటాయి. సొంతూరు గద్వాల. పదిహేనేళ్లు జాతరల్లో టీవీ గేముల డేరా నడిపినవాడు. మల్దకల్ తిమ్మప్ప జాతర, గద్వాల జములమ్మ జాతర, కురుమూర్తి జాతర, ఏదీ వదల్లేదు. రెండు టీవీలు, నాలుగు గేమ్ పెట్టెలు, ఒక ఇనుప ట్రంకు నిండా కేసెట్లు. మనిషి వచ్చి ఆట పేరు చెబితే చాలు, ట్రంకు వైపు చూడకుండానే చెయ్యి పెట్టి ఆ కేసెట్టే బయటికి తీసేవాడు. నాగర్‌కర్నూల్‌లో దుకాణం పెట్టాక కూడా అదే ట్రంకు, అదే చెయ్యి.

రెండువేల ఎనిమిది వేసవికి ఆ పెట్టెలన్నీ ఒకదాని వెనక ఒకటి మూలపడ్డాయి. బాగుచేసేవాళ్లు దొరకలేదు, విడి భాగాలూ దొరకలేదు. షరీఫ్ హైదరాబాద్ వెళ్లి నాలుగు పాత కంప్యూటర్లూ, ఒక హార్డ్ డిస్కూ తెచ్చాడు. డిస్కును రుమాల్లో చుట్టి, చొక్కా లోపల పెట్టుకుని తెచ్చి, శ్రీవాణి బల్ల మీద పెట్టాడు.

"దీంట్ల మూడు వేల ఆటలున్నయంట బిడ్డా. అన్ని పెట్టెలయి. చిన్న పెట్టెయి, సెగాయి, సీడీలయి గూడ. గిన్నొద్దులు నువ్వు ముంగట కూసున్నవు. ఇగ జర వెనక రూము సంగతి సూడు."

"ఎప్పటికి కావాలె చాచా?"

"పదో తరగతి పరీక్షలు అయిపోయేటాలకు. పిల్లగాండ్లు ఇగ బడి మొకం సూడరు. వారం దినాలున్నది."

శ్రీవాణి సంబరపడింది. ఏడాదిగా రేషన్ కార్డులు, కుల ధ్రువీకరణ పత్రాలు జిరాక్స్ తీసి తీసి విసుగెత్తిన పిల్ల. తను చదివిన చదువుకు తగిన పని ఇన్నాళ్లకు దొరికిందనుకుంది. వారం ఎందుకు, మూడు రోజులు చాలనుకుంది.

మొదటి రోజే ఆ ధీమా పోయింది. పాత గేమ్ పెట్టె చేసే పనిని కంప్యూటరు చేత చేయించడానికి ఒక ప్రోగ్రాము కావాలి. చిన్న పెట్టెకు ఒకటి, సెగా కంపెనీ పెట్టెకు ఇంకొకటి, సీడీల పెట్టెకు మరొకటి. ఒకదాని ఆటను ఇంకొకదాంట్లో తెరిస్తే నల్ల తెర వచ్చి అక్కడే ఆగిపోతుంది. వీటన్నిటినీ ఒక్కచోట బొమ్మలతో చూపించే లాంచర్ ఒకటి ఆమె నెట్‌లో వెతికి పట్టుకుంది. అందులో మనకు కావలసిన విభాగాలు మనమే చేసుకోవచ్చు. ఏ ఆటను ఏ విభాగంలోకైనా వేసుకోవచ్చు. చూడ్డానికి ఎంతో బాగుంది. కానీ మూడు వేల నాలుగు వందల ఆటలను ఒక్కొక్కటీ చేత్తోనే వెయ్యాలి.

ఆ డిస్కు నింపినవాడెవడో చెత్తనంతా పోసి పంపాడు. ఒకే ట్యాంకుల ఆట పందొమ్మిది పేర్లతో ఉంది. కొన్నింటి పేర్లు జపాను అక్షరాలు. కొన్నింటికి పేరే లేదు, అంకెలు. శ్రీవాణి రోజంతా కూర్చుని ఒకే ఆట మళ్లీ మళ్లీ వచ్చిన చోటల్లా ఒకటి ఉంచి మిగతావి తీసేసింది. సాయంత్రం షరీఫ్ వచ్చి చూసి నెత్తి పట్టుకున్నాడు.

"రెండు తుపాకులోళ్ల ఆట ఇంకోటి ఉండెగద. యాడికి పోయింది?"

"రెండు ఒకటే చాచా. అందుకే ఒకటి తీసేసిన."

"ఒకటెట్లయితది? దీంట్ల మూడు లైఫులు, దాంట్ల ముప్పై! ముప్పై లైఫులదే అందరు అడుగుతరు. మూడు లైఫులది ఎవనికి కావాలె?"

మళ్లీ డిస్కు నుంచి అన్నీ ఎక్కించి, మొదట్నుంచి మొదలుపెట్టింది. ఈసారి పెట్టెల వారీగా సర్దింది. చిన్న పెట్టె ఆటలన్నీ ఒక విభాగం, సెగావి ఒకటి, సీడీల పెట్టెవి ఒకటి. నాలుగు రోజులు పట్టింది. వేళ్లు నొప్పులు పుట్టాయి. కళ్లు మూసుకున్నా జాబితాలే కదిలాయి. పని ముగించి, షరీఫ్‌ను పిలిచి చూపించింది. ఆయన కుర్చీ వెనక నిలబడి చాలాసేపు చూశాడు.

"ఆటకొచ్చినోడు ఇది ఏ పెట్టెల ఆట అని అడుగుతడా బిడ్డా? దోస్తుతోని వచ్చిండా, ఒక్కడే వచ్చిండా, బస్సెక్కెటందుకు ఎంత టైమున్నది, గవన్ని అడగాలె. నువ్వు గిట్ల పెడితే ఎవనికి సమజైతది?"

"అందరు గిట్లనే పెడతరు చాచా. నేను నెట్ల సూసే చేసిన."

"నెట్ల ఉన్నోళ్లు మన దుకాణానికి వస్తరా?"

శ్రీవాణి చేతిలో పెన్ను బల్ల మీద కాస్త గట్టిగా పెట్టి లేచింది. ఇంకా రెండు రోజులే ఉన్నాయి. ఆ రెండు రోజుల్లో ఆటల రకాన్ని బట్టి మళ్లీ సర్దింది. యాక్షన్, రేసింగ్, పజిల్, స్పోర్ట్స్. ఇంగ్లీషులోనే పెట్టింది, ఎందుకంటే తెలుగులో పేరు పెడితే లాంచర్‌లో అక్షరాలకు బదులు ఖాళీ గళ్లు కనిపిస్తున్నాయి. ఏ విభాగంలో ఏ ఆటలున్నాయో జాబితా ప్రింటు తీసి, ప్రతి కంప్యూటరు పక్కన గోడకు అంటించింది. ఇక ఎవరూ తనను ఏమీ అడగాల్సిన పని లేదనుకుంది.

పరీక్షలు అయిపోయిన మర్నాడు పది గంటలకే వెనక గది నిండిపోయింది. నాలుగు కంప్యూటర్ల ముందు ఎనిమిది మంది, వాళ్ల వెనక ఇంకో పదిమంది. ఫ్యాను తిరుగుతున్నా గది ఉడికిపోతోంది. గోడ మీద జాబితా వైపు ఒక్కడూ చూడలేదు. అందరూ అలవాటు ప్రకారం షరీఫ్‌నే అడిగారు.

"భాయ్, ఇటుకలది పెట్టు!"

"చాచా, ఇద్దరు గుద్దుకునేది యాడున్నది?"

ఇన్నాళ్లూ అడిగిన మరుక్షణం కేసెట్టు తీసిన మనిషి, ఇప్పుడు మాటమాటకూ శ్రీవాణి వైపు తిరుగుతున్నాడు. ముందు గదిలో జిరాక్సుకు వచ్చినవాళ్లు కేకలు వేస్తున్నారు. ఆమె అటు రెండు కాగితాలు తీసి, ఇటు ఒక ఆట పెట్టి, మళ్లీ అటు పరిగెత్తుతోంది. ఒక కంప్యూటర్లో ఆట మధ్యలో నిలిచిపోయింది. ఇంకోదాంట్లో మీటలు తిరగబడ్డాయి, కుడికి నొక్కితే ఎడమకు పోతోంది.

అప్పుడే గోవిందు వచ్చాడు. బస్టాండు దగ్గర ఆటో నడుపుతాడు. గద్వాల జాతర డేరా రోజుల నుంచి షరీఫ్‌కు తెలిసిన మనిషి. ముప్పై అయిదేళ్ల వయసులోనూ, కిరాయి లేనప్పుడల్లా వచ్చి అరగంట ఆడి పోతాడు.

"బల్లి ఆట పెట్టు భాయ్."

షరీఫ్ శ్రీవాణిని చూశాడు. శ్రీవాణి గోవిందును చూసింది.

"బల్లి ఆటంటే ఏది అన్నా? దాని పేరేంది?"

"పేరు నాకేం తెలుసమ్మా? గోడలెక్కుతది, నాలిక సాపుతది. భాయ్‌కి తెలుసు."

ఆమె జాబితా పైనుంచి కిందికి దొర్లించింది. యాక్షన్‌లో లేదు. పజిల్‌లో లేదు. అంతలో ముందు గదిలో ఎవరో గట్టిగా పిలిస్తే పరిగెత్తింది. తిరిగి వచ్చేసరికి షరీఫే ఒక కంప్యూటరు ముందు కూర్చుని ఉన్నాడు. ఎవరో కార్ల ఆట అడిగారు. ఆయన ఒక బొమ్మ మీద నొక్కాడు. ఫుట్‌బాల్ వచ్చింది. మూసి ఇంకోటి నొక్కాడు. ముక్కలు పేర్చే ఆట వచ్చింది. మళ్లీ నొక్కాడు. నల్ల తెర. వెనకనున్న కుర్రాళ్లు కిసుక్కున నవ్వారు.

శ్రీవాణికి వారం రోజుల చిరాకంతా ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది.

"గోడ మీద అంత పెద్దగ రాసి పెట్టినగద చాచా! జర సదువుకుంటే అయితదిగద! ఊకె నన్నే పిలుస్తరేంది?"

షరీఫ్ మౌసు మీది నుంచి చెయ్యి తీశాడు. గోడ వైపు చూడలేదు.

"నాకు ఇంగ్లీషు రాదు బిడ్డా," అన్నాడు మెల్లగా. "తెలుగు గూడ రాదు. బస్సు బోర్డులు గుర్తుపడ్త. గంతే."

ఎవరూ నవ్వలేదు. గోవిందు తలదించుకుని చెప్పుల వైపు చూసుకున్నాడు. షరీఫ్ లేచి, పెరట్లో కుండ దగ్గరికి వెళ్లి నీళ్లు తాగి, చాలాసేపటి దాకా లోపలికి రాలేదు. ఆ మధ్యాహ్నమంతా ఎవరు ఏ ఆట అడిగినా శ్రీవాణే పెట్టింది. వెళ్లేటప్పుడు "పోయొస్త చాచా" అంటే ఆయన తల ఊపాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా ఆమెకు బయట ఏమీ కనపడలేదు. ముందు ఆయన మీదే కోపం వచ్చింది. రాకపోతే రాదని మొదటి రోజే చెప్పొచ్చు కదా! వారం రోజులు పక్కనే నిలబడి జాబితాలకు తల ఊపాడెందుకు? అలా అనుకున్న కాసేపటికి తన మీద తనకే కోపం వచ్చింది. ఏడాదిగా ఆయన ఏ కాగితం వచ్చినా "నువ్వు సూడు బిడ్డా, నా కండ్లజోడు ఇంట్ల మర్సిన" అనేవాడు. షరీఫ్ కళ్లజోడు పెట్టుకోగా ఆమె ఒక్కసారి కూడా చూడలేదు. ఆ సంగతి ఒక్కనాడైనా ఆలోచించలేదు.

మర్నాడు ఆదివారం. ఆమెకు సెలవు. మధ్యాహ్నం సెల్ మోగింది. షరీఫ్ భార్య లాల్‌బీ.

"బిడ్డా, నేను చాచీని. మీ చాచా నిన్న ఇంటికొచ్చి తినలే. ఏమైందంటే సెప్పడు. గోవిందును అడిగితే సెప్పిండు."

"నాకు తెల్వక అన్న చాచీ. నిజంగ తెల్వదు."

"నీకు తెల్వదని నాకెర్కే. నాకు తప్ప ఎవలకూ తెల్వదు. నేను ఏడో తరగతి దాక సదివిన. డేరాకు పర్మిషన్ కాయితాలు, కరెంటు కాయితాలు అన్ని నేనే సదివి సెప్తుంటి. ఆయన బయటికి పోయి తానే సదివినట్టు మాట్లాడుతుండె. ముప్పై ఏండ్లయె బిడ్డా, గిట్లనే నడిచె."

"నా మీద కోపముందా చాచీ?"

"కోపమైతే నేనే తిట్టి పోగొడ్త. కోపం గాదు, సిగ్గు. దానికి నా దగ్గర మందు లేదు. నువ్వు పని బందు వెట్టకు. గంతే సెప్పనీకి ఫోన్ జేసిన."

సోమవారం శ్రీవాణి దుకాణం తెరిచే వేళకే వచ్చింది. షరీఫ్ ఊడుస్తున్నాడు. ఆమెను చూసి చీపురు పక్కన పెట్టి, "రండి మేడమ్," అన్నాడు.

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. ఎగతాళిగా అన్నా బాగుండేది. నిజంగా గౌరవంగా, దూరంగా అన్నాడు.

"చాచా, గట్ల పిలవకండి."

"మీరు చదువుకున్నోళ్లు. మీరు సర్దినట్టే ఉండనియ్యండి. ఎవలన్న అడిగితే మిమ్మల్నే అడగమని చెప్త."

పొద్దంతా అదే వరస. "మేడమ్, చాయ్ తాగుతరా?" "మేడమ్, కరెంటు పోయేటట్టున్నది." వెనక గదికి వచ్చినవాళ్లతో ఆయన అసలు మాట్లాడటమే మానేశాడు. తలుపు పక్క స్టూలు మీద ఊరికే కూర్చున్నాడు. శ్రీవాణి రెండు గదుల మధ్య తిరిగి తిరిగి అలిసిపోయింది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఆయన ముందుకొచ్చి నిలబడింది.

"చాచా, ఆ ట్రంకు తాళం ఇయ్యండి."

"ఎందుకు? సచ్చిన కేసెట్లవి."

"ఇయ్యండి జర."

ట్రంకు ఆమె ఒక్కతే లాక్కొచ్చి, ముందు గదిలో స్కానరు పక్కన పెట్టింది. కేసెట్లను ఒక్కొక్కటీ తీసింది. కొన్నింటి మీద స్టిక్కరు సగం చిరిగిపోయింది. ఒకదాని మీద గోరింటాకు రంగు మరక. ఒకదాని మూల కాలి ఉంది. వాటిని స్కానరు అద్దం మీద బోర్లా పెట్టి బొమ్మలు తీయడం మొదలుపెట్టింది. నాలుగో కేసెట్టు దగ్గర షరీఫ్ స్టూలు మీది నుంచి లేచి వచ్చాడు.

"ఏం చేస్తున్నరు మేడమ్?"

"లాంచర్ల ఆట పేరు కాడ బొమ్మ పెట్టొచ్చు చాచా. ఆటతోని వచ్చిన బొమ్మలు తీసేసి, ఈ స్టిక్కర్ల బొమ్మలే పెడ్త. మీరు కేసెట్టును గుర్తుపడ్తరుగద. కంప్యూటర్ల గూడ అట్లనే గుర్తుపట్టండి."

ఆయన కాలిన మూల ఉన్న కేసెట్టును చేతిలోకి తీసుకుని తిప్పాడు. "ఇది మల్దకల్‌ల కాలింది. పక్కన మిర్చిబజ్జీల పొయ్యి ఉండె," అన్నాడు. స్టూలు దగ్గరికి తిరిగి పోలేదు.

విభాగాలు కూడా ఆయన్నే చెప్పమంది. ఆయన చెప్పలేనన్నాడు. ఆటలు ఒక్కొక్కటీ పెట్టి ఎవరు ఆడతారని అడిగితే మాత్రం తడుముకోకుండా చెప్పాడు. ఇది ఇద్దరు దోస్తులు కొట్లాడుకునేది. ఇది బస్సొచ్చేదాకా ఆడేది, అయిదు నిమిషాల్లో అయిపోతుంది. ఇది పిల్లల్ని ఆడిద్దామని వచ్చిన తల్లులు తామే కూర్చుండిపోయే ఆట. ఇది కోపం తెప్పించేది, ఓపిక లేనివాడికి ఇస్తే మీటల డబ్బా నేలకేసి కొడతాడు. శ్రీవాణి నోటుబుక్కులో రాసుకుంది. అక్షరాలు పనికిరావు గనక ప్రతి విభాగానికీ ఒక బొమ్మ కావాలి. బస్సు ఆటలకు ఆమె సంచిలోని ఆర్టీసీ టికెట్టును స్కాన్ చేసింది. తల్లుల ఆటలకు పగిలిన చేతిగాజు ముక్క. కోపం ఆటలకు లాల్‌బీ వంటింట్లోంచి ఒక ఎండుమిరపకాయ తెప్పించి అద్దం మీద పెట్టింది.

పని మాత్రం సాఫీగా సాగలేదు. కేసెట్టు మీది బొమ్మకూ లోపలి ఆటకూ సంబంధం లేనివే సగం ఉన్నాయి. స్టిక్కరు మీద విమానం, లోపల చేపలు పట్టే ఆట. షరీఫ్‌కు అది మామూలు. ఏ కేసెట్టు ఏ ఆటో తెలుసుకోవడానికి శ్రీవాణి డిస్కులో ఒక్కోదానికి నలభై, యాభై ఆటలు తెరిచి మూయాల్సి వచ్చింది. "ఇదా?" "కాదు." "ఇదా?" "దీని పాటే కానీ, ఇది కాదు." ఒక్కోసారి ఆమెకు అక్కడే లేచి ఉప్పునుంతల దాకా నడిచి వెళ్లిపోవాలనిపించేది. ఆయనకూ విసుగొచ్చేది. అయినా "మేడమ్, ఇంకోటి సూడండి," అనేవాడు. ఆ "మేడమ్" వినగానే ఆమె పళ్లు బిగబట్టి ఇంకోటి తెరిచేది.

మూడో రోజు మధ్యాహ్నానికి నూట ఇరవై ఆటలయ్యాయి. పొద్దుటి కరెంటు కోత ఎప్పుడో వాళ్లకు తెలుసు గనక కంప్యూటర్లు ముందే ఆపేస్తారు. కానీ ఆరోజు మూడు గంటలకు, కోత లేని వేళ, కరెంటు పోయింది. పావుగంటలో తిరిగి వచ్చింది. శ్రీవాణి లాంచర్ తెరిచి చూసింది. యాక్షన్, రేసింగ్, పజిల్, స్పోర్ట్స్. అంతే. టికెట్టు లేదు, గాజు ముక్క లేదు, మిరపకాయ లేదు.

మూసి మళ్లీ తెరిచింది. అంతే. తరవాత నెట్‌లో వెతికితే తెలిసింది. ఆ లాంచర్‌ను మనం సరిగా మూసినప్పుడే విభాగాలను దాచుకుంటుందట. ఆమె మూడు రోజులుగా దాన్ని మూయలేదు. సాయంత్రాలు, తెరిచినవి తెరిచినట్టే డిస్కులో దాచుకుని ఆగేలా కంప్యూటరును నిద్రపుచ్చి వెళ్లిపోయేది. పొద్దుటి కోతలకు కూడా లాంచర్‌ను మూయకుండా అదే పని చేసింది. మూడు రోజుల పని ఏ మూలా లేదు.

శ్రీవాణి కుర్చీని వెనక్కి తన్ని, దుకాణం మెట్ల మీదికి వచ్చి ఎండలోనే కూర్చుంది. కోపంతో ఏడుపొచ్చింది. ఆ ప్రోగ్రాము రాసినవాణ్ణి, డిస్కు నింపినవాణ్ణి, కరెంటువాళ్లను, తనను, అందర్నీ లోలోపల తిట్టింది. దారిన పోయేవాళ్లు చూస్తున్నారని తెలిసినా కళ్లు తుడుచుకోలేదు.

కాసేపటికి షరీఫ్ వచ్చి పక్క మెట్టు మీద కూర్చున్నాడు.

"పోతే పోయిందిలే బిడ్డా. ఎండల కూసోకు."

ఆమె తలెత్తింది.

"ఒకసారి కురుమూర్తి జాతరల డేరా మీద వాన పడ్డది," అన్నాడాయన. "కేసెట్లన్ని నీళ్లల్ల తేలినయి. రెండు దినాలు గోనెసంచి మీద ఎండవెట్టి, ఒక్కొక్కటి పెట్టి సూసిన. సగం నడిసినయి, సగం నడవలే. ఏం జేస్తం? ఉన్నయాటితోనే మల్ల షురూ జేసిన."

"చాచా, ఆ దినం నేను అట్ల అనకుండాల్సింది."

షరీఫ్ రోడ్డు వైపు చూస్తూ చెప్పాడు. "నువ్వు అన్నందుకు గాదు బిడ్డా. గోవిందు ముంగట అన్నందుకు. పదేండ్ల సంది వాని ఆటో కాయితాలు, కోర్టు కాయితాలు నా దగ్గరికే తెస్తడు. 'భాయ్, సదివి జెప్పు' అంటడు. నేను 'రేపు రా' అని పంపి, ఇంట్ల లాల్‌బీతోని సదివిచ్చుకొని, తెల్లారి చెప్తుంటి. వాడు నన్ను పెద్ద తెలివిగలోన్ని అనుకున్నడు."

ఇద్దరూ లేచి లోపలికి వెళ్లారు. స్కాన్ చేసిన బొమ్మలు వేరే చోట ఉండటంతో పోలేదు. నోటుబుక్కూ ఉంది. ఈసారి ప్రతి పది ఆటలకూ లాంచర్‌ను మూసి తెరిచింది. ప్రతి పదికీ షరీఫ్ "మూసినవా?" అని అడిగాడు. నాలుగోసారి అడిగినప్పుడు ఆమెకు మళ్లీ చిరాకేసింది. అయినా మూసింది.

వారానికల్లా నూట అరవై ఆటలు, తొమ్మిది విభాగాలు సిద్ధమయ్యాయి. మిగతా మూడు వేల పైచిలుకును కనపడకుండా ఒక మూలకు తోసేసింది. గోడ మీది జాబితాలు చింపేసింది. ఇప్పుడు ఎవరేది అడిగినా షరీఫ్ తనే మౌసు పట్టుకుని, టికెట్టు బొమ్మ మీదో మిరపకాయ మీదో నొక్కి, స్టిక్కరు చూసి ఆట పెడుతున్నాడు. ట్రంకులో తీసినంత వేగంగా కాదు. ఒక్కోసారి పక్క బొమ్మ మీద పడుతుంది. మూసి మళ్లీ నొక్కుతాడు. కుర్రాళ్లు ఆగుతున్నారు.

బల్లి ఆట మాత్రం దొరకలేదు. మూడు వేలలో ఒక్కటీ వదలకుండా చూశారు. కప్పలు ఉన్నాయి, మొసళ్లు ఉన్నాయి, బల్లి లేదు. దాని కేసెట్టును తెరిచి చూస్తే లోపల తుప్పు. గోవిందు వచ్చినప్పుడల్లా గొణుక్కుంటూ కప్పల ఆట ఆడి పోతున్నాడు.

ఒకరోజు అతను ఆట అయ్యాక జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. షరీఫ్ స్టూలు మీద, అతనికి మూరెడు దూరంలో ఉన్నాడు. గోవిందు ఆయన్ను దాటుకుని ముందు గదిలోకి వచ్చి, కాగితాన్ని శ్రీవాణి ముందు పెట్టాడు.

"అమ్మా, ఇన్సూరెన్సుదేదో వచ్చింది. జర సదివి జెప్పు."

శ్రీవాణి లోపలికి చూసింది. షరీఫ్ తెర వైపు తిరిగి, అవసరం లేకపోయినా ఒక ఆటను మూసి మళ్లీ తెరుస్తున్నాడు. ఆమె కాగితం చదివి, తేదీ ఎప్పటిదాకా ఉందో చెప్పింది. గోవిందు దండం పెట్టి వెళ్లిపోయాడు. అతని తప్పు ఏమీ లేదు. చదవగలిగే మనిషి దగ్గరికే వచ్చాడు. అయినా ఆ సాయంత్రం దాకా శ్రీవాణికి ఏ పనిమీదా మనసు నిలవలేదు. బొమ్మలు పెట్టి ఆటల్ని సర్దగలిగింది గానీ, తన నోటి నుంచి జారిన ఒక్క వాక్యాన్ని వెనక్కి తీసుకునే దారి ఆమెకు దొరకలేదు.

మే నెల మధ్యలో, చెల్లెలి పెళ్లిచూపులని రెండు రోజులు సెలవు పెట్టి తిరిగొచ్చింది. వస్తూనే లాంచర్ తెరిచింది. తను వరసగా పెట్టిన తొమ్మిది విభాగాలూ చెల్లాచెదురుగా ఉన్నాయి. మిరపకాయ మొదటికి వచ్చింది. గాజు ముక్క ఎక్కడో అడుగున ఉంది. దాచిపెట్టిన మూల తెరిచి ఉంది. పదో విభాగం ఒకటి కొత్తగా పుట్టింది. బొమ్మ లేదు. పేరు స్థానంలో లాంచర్ దానంతట అది పెట్టుకునే మాటే ఉంది, కొత్తది అని అర్థం వచ్చే ఇంగ్లీషు మాట.

"చాచా! దీన్ని ఎవరు ముట్టుకున్నరు? అంత ఖరాబు చేసిండ్రు!"

"నేనే," అన్నాడు షరీఫ్ తాపీగా. "ఎక్కువ అడిగేవి మీదికి తెచ్చిన. ప్రతిసారి మూసిన గూడ."

"మరి ఈ పదోదేంది?"

నొక్కింది. డెబ్బై దాకా ఆటలున్నాయి. ఏ కేసెట్టులోనూ లేనివి, ట్రంకు ఎన్నడూ ఎరగనివి. కొన్ని జపాను అక్షరాలవి, కొన్ని వట్టి అంకెలవి.

"మనుషులు లేనప్పుడు ఒక్కొక్కటి పెట్టి సూస్తున్న," అన్నాడాయన. "ఎట్ల ఆడాల్నో నాకింకా తెల్వనియి అవి. తెలిసినప్పుడు తీసి, ఏ జాగల పడాల్నో ఆ జాగల ఏస్త."

"పేరేం పెట్టాలె దీనికి? బొమ్మేం పెట్టాలె?"

షరీఫ్ ఆలోచించాడు. తెర మీది ఇంగ్లీషు మాటను వేలితో చూపించాడు.

"ఇదేం రాసున్నది?"

"న్యూ అని ఉన్నది చాచా. కొత్తది అని."

"ఇది న, అది య?"

"ఇది ఎన్. ఇది ఈ. ఇది డబ్ల్యూ."

ఆయన మూడు అక్షరాలనూ వేలితో తాకుతూ ఒకసారి గొణుక్కున్నాడు. తరవాత స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"అయితే అట్లనే ఉండనియ్. జర జరుగు. ఈ అంకెల ఆటల రెండో మెట్టు కాడ రోజూ సస్తున్న."